గోర్డన్ స్మిత్ అంటే ఏ గోర్డన్ స్మిత్? షాపులో పరువు పోయింది, కాస్త చెప్పండి

లీత్‌లో గుంటూరోడు (ప్రశ్న):

ఫుట్‌బాల్ తెలిసిన అన్నలూ అక్కలూ, కాస్త ఆదుకోండి.

మాది గుంటూరు. పోయిన సెప్టెంబర్‌లో ఎమ్మెస్సీకి ఎడిన్‌బరో వచ్చాను. లీత్ వైపు, ఈస్టర్ రోడ్ స్టేడియానికి నాలుగు సందుల అవతల ఐదుగురం ఒక ఫ్లాట్‌లో ఉంటాం. వారంలో మూడు సాయంత్రాలు దగ్గర్లోని చిన్న షాపులో కౌంటర్ మీద పార్ట్‌టైమ్ చేస్తున్నా. అక్కడికి రోజూ ఒక పెద్దాయన వస్తారు. ఎనభై దాటే ఉంటాయి. పాలు, పేపరు, రెండు రోల్స్, అంతే. మెడలో ఆకుపచ్చ, తెలుపు మఫ్లర్. ఎండ కాసినా తీయరు.

మొన్న శనివారం మ్యాచ్ అయ్యాక బాగా చిరాగ్గా వచ్చారు. ఈ కాలం వింగర్లకి (మైదానం అంచుల వెంబడి ఆడే ఫార్వర్డ్‌లు) బంతి వస్తే వెనక్కి తన్నడం తప్ప ఇంకేం రాదని, స్మిత్‌ని చూసినవాళ్లకి వీళ్లని చూడటం శిక్ష అని మొదలుపెట్టారు. ఏ స్మిత్ అని అడిగాను. "గోర్డన్ స్మిత్! ఇంకెవరుంటారు?" అని నన్ను ఎగాదిగా చూశారు.

ఆ రాత్రి గూగుల్ చేశాను. గోర్డన్ స్మిత్, స్కాట్లాండ్ ఆటగాడు అని వచ్చింది. వీడియో కూడా దొరికింది. 1983 ఎఫ్‌ఏ కప్ ఫైనల్, బ్రైటన్, మాంచెస్టర్ యునైటెడ్. 2-2 మీద ఎక్స్‌ట్రా టైమ్ ఆఖరి క్షణాల్లో ఈయన ముందు గోల్‌కీపర్ ఒక్కడే ఉన్నాడు, కొట్టిన బంతి అతనికే తగిలింది. అయ్యో పాపం అనిపించింది. మర్నాడు పెద్దాయన రాగానే, ఓదారుద్దామని, "పాపం సర్, ఆ ఒక్క గోలూ పడుంటే ఆయన జీవితమే వేరేగా ఉండేది కదా" అన్నాను.

ఆయన పాలు కౌంటర్ మీద పెట్టేసి, ఒక్క నిమిషం నా మొహం చూసి, మళ్లీ పాలు తీసుకుని వెళ్లిపోయారు. చిల్లర కూడా తీసుకోలేదు. 40 పెన్స్. కాగితంలో చుట్టి క్యాష్ డబ్బా పక్కన పెట్టాను. నాలుగు రోజులైంది, ఆయన రావట్లేదు. వేరే షాపుకి వెళ్తున్నారేమోనని టెన్షన్‌గా ఉంది.

అసలు ఈయన చెప్పిన గోర్డన్ స్మిత్ ఎవరు? మళ్లీ కనిపిస్తే ఏం మాట్లాడాలి?

యాన్‌ఫీల్డ్ శాస్త్రి:

తమ్ముడూ, నువ్వు చూసింది వేరే ఆయన్ని. ఆయన 1954లో పుట్టాడు, తర్వాత స్కాటిష్ ఫుట్‌బాల్ సంఘానికి చీఫ్ ఎగ్జిక్యూటివ్ కూడా చేశాడు. మీ పెద్దాయన చెప్పింది అంతకు ముప్పై ఏళ్ల ముందు హైబర్నియన్‌కి ఆడిన రైట్ వింగర్ గురించి. హైబర్నియన్ అంటే మీ వీధి క్లబ్బే, హిబ్స్.

నన్నడిగితే మాత్రం ఆ కాలపు స్కాటిష్ వింగర్లలో మొదటి పేరు బిల్లీ లిడెల్‌ది. లివర్‌పూల్ అభిమానిని కాబట్టి అంటున్నానని అనుకోకండి, సరే, అనుకున్నా పర్లేదు. 534 మ్యాచ్‌లు, 228 గోల్స్. యుద్ధంలో విమానాల్లో నావిగేటర్‌గా పనిచేశాడు. ఫుట్‌బాల్ ఆడుతూనే అకౌంటెంట్ ఉద్యోగం మానలేదు. 1954లో క్లబ్బు రెండో డివిజన్‌కి పడిపోయినా వదిలి వెళ్లలేదు. బ్రిటన్ మొత్తం కలిపి ఒకే జట్టుగా 1947లో, 1955లో ఆడితే, రెండింట్లోనూ ఉన్నవాళ్లు ఇద్దరే: స్టాన్లీ మాథ్యూస్, లిడెల్.

స్మిత్ గురించి నాకు ఇంతకన్నా తెలీదు. మన బస్సు మావయ్య చూస్తే చెప్తారు.

బస్సు మావయ్య:

చూశాను శాస్త్రీ. లిడెల్ మీద నాకేం పేచీ లేదు, కానీ ఈ చర్చలో ఆయన్ని దింపినందుకు నిన్ను ఈస్టర్ రోడ్ స్టాపులో ఎక్కించుకోను.

తమ్ముడూ, ఆ 40 పెన్స్ జాగ్రత్తగా ఉంచు. ఆయన వస్తారు. ఈ ఊళ్లో ముసలాళ్లు షాపులు మార్చరు.

నేనిక్కడ బస్సు నడుపుతాను, ఇరవై ఏళ్లు దాటింది. సొంతూరు సికింద్రాబాద్, మెట్టుగూడ. మా నాన్న రైల్వే. ఆయనకి ఫుట్‌బాల్ పిచ్చి. కోచ్ రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 54 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ కొట్టింది కదా, ఆ జట్టు పేర్లు అన్నం తింటూ అప్పజెప్పేవారు. అందుకేనేమో, ఇక్కడ పెద్దవాళ్లు "ఫేమస్ ఫైవ్" అని మొదలుపెడితే నాకు విసుగు రాదు. అదే కాలం, మా నాన్న గొంతులాంటి గొంతే.

స్మిత్ 2004 ఆగస్టులో పోయారు, 80 ఏళ్లకి. నేను బస్సు ఎక్కిన కొత్త. ఆ వారం ఒక పొద్దున లీత్ వాక్‌లో సిగ్నల్ దగ్గర ఇరుక్కుపోయాం. నా వెనక సీట్లో ఇద్దరు పెద్దాయనలు. ఒకాయన హిబ్స్, ఇంకొకాయన మరూన్ టోపీ, అంటే హార్ట్స్. నీకు తెలుసుగా, ఒకే ఊళ్లో రెండు క్లబ్బులు, ఒకరంటే ఒకరికి పడదు. వాళ్ల గొడవ ఏంటంటే స్మిత్ ఎవరి మనిషి అని. "పద్దెనిమిదేళ్లు మా దగ్గర ఆడాడు" అని హిబ్స్ ఆయన. "ఆడాడు, తర్వాత మీరే ఊరికే ఇచ్చేశారుగా" అని టోపీ ఆయన. అంతే. హిబ్స్ ఆయన మళ్లీ నోరెత్తలేదు, తన స్టాపు వచ్చేదాకా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. దిగేటప్పుడు నాకు థ్యాంక్స్ కూడా చెప్పలేదు. ఇక్కడ థ్యాంక్స్ చెప్పకుండా దిగారంటే మనసు ఎంత కష్టపడి ఉండాలో చూడు. ఆ మధ్యాహ్నం లంచ్ టైమ్‌లో డిపోలో మా వాళ్లని అడగడం మొదలుపెట్టాను, ఇప్పటిదాకా అడుగుతూనే ఉన్నాను.

సరే, కథ. 1924లో ఎడిన్‌బరోలోనే పుట్టారు, పెరిగింది ఉత్తరాన సముద్రం ఒడ్డున మాంట్రోజ్‌లో. పిల్లాడిగా ఆయన అభిమానించిన జట్టు హార్ట్స్. కానీ సంతకం చేయించుకున్నది హిబ్స్ మేనేజర్ విల్లీ మెకార్ట్నీ. ఆయన కూడా అంతకుముందు హార్ట్స్ మేనేజరే, చూడు తమాషా. 1941 ఏప్రిల్, కుర్రాడికి 16 ఏళ్లు. మొదటి మ్యాచ్ ఎక్కడ, ఎవరితో? టైన్‌కాజిల్‌లో, హార్ట్స్‌తోనే. హిబ్స్ 5-3తో గెలిచింది. అందులో మూడు ఈ కుర్రాడివి. తను ఫొటోలు కత్తిరించి దాచుకునే వయసులో, తన జట్టు మీదే, వాళ్ల మైదానంలోనే హ్యాట్రిక్.

ఆ యుద్ధం రోజుల్లో మ్యాట్ బస్బీ హిబ్స్‌కి గెస్ట్ ఆటగాడిగా ఆడేవారు. అదే, తర్వాత మాంచెస్టర్ యునైటెడ్‌ని నిలబెట్టిన బస్బీ. స్మిత్ వెనకాల ఆడుతూ కుర్రాడికి దారి చూపించారంటారు. (శాస్త్రీ, మీ లిడెల్‌ని లివర్‌పూల్‌కి చెప్పి తెప్పించింది కూడా ఆయనే, తెలుసుగా.) 1952లో స్మిత్ గౌరవార్థం మ్యాచ్ పెడితే బస్బీ తన ఛాంపియన్ జట్టునే తీసుకొచ్చారు. హిబ్స్ 7-3తో కొట్టింది. మర్యాదకి వచ్చినవాళ్లకి ఏడు గోల్స్ వడ్డించారు.

ఇక ఫేమస్ ఫైవ్. అప్పట్లో జట్లు ముందు ఐదుగురిని పెట్టేవి. హిబ్స్‌లో 7 నంబర్ నుంచి వరసగా: స్మిత్, బాబీ జాన్‌స్టన్, లారీ రైలీ, ఎడ్డీ టర్న్‌బుల్, విల్లీ ఆర్మండ్. ఐదుగురూ లీగ్‌లోనే హిబ్స్‌కి తలా వంద గోల్స్ దాటించారు. స్టేడియంలో ఉత్తరం వైపు స్టాండ్ మీద ఉన్న పేరు వీళ్లదే, రోజూ నీ కంట పడేది. 1948లో లీగ్ గెలిచారు, మళ్లీ 1951, 1952. ఆ 1951ది రేంజర్స్ కన్నా పది పాయింట్లు ఎక్కువతో. గెలుపుకి రెండు పాయింట్లే ఇచ్చే రోజులు, 30 మ్యాచ్‌ల లీగ్. పది పాయింట్ల తేడా అంటే ఆలోచించుకో.

మైదానం ఇప్పుడున్నట్టు చదునుగా ఉండేది కాదు. ఒక గోల్ వైపు వాలుగా ఉండేది, 2000లో సరిచేశారు. హిబ్స్ కిందికి ఆడే సగంలో స్మిత్‌కి బంతి అందితే జనం ముందే లేచి నిలబడేవాళ్లట. మా డిపోలో ఒకాయన వాళ్ల నాన్న ఎలా చెప్పేవారో నాకు చేసి చూపించాడు, టేబుల్ మీద ఉప్పు డబ్బా లైను, మిరియాల డబ్బా డిఫెండర్. స్మిత్ నిటారుగా, తల ఎత్తి వస్తారు. వంగి బంతి వైపు చూడరు. డిఫెండర్ దగ్గరకొచ్చాక వేగం తగ్గిస్తారు, పెంచరు. వాడు తికమకపడి కాలు వేస్తాడు, అప్పుడు పక్కనుంచి పోతారు. రెండు కాళ్లతోనూ కొట్టగలరు కాబట్టి లోపలికి తిరుగుతారో బయటికి పోతారో తెలీదు. ఇది చూపించేలోపు ఉప్పంతా ఒలికిపోయింది.

వింగర్ అంటే అంచు నుంచి గోల్ ముందుకి బంతులు వేసి ఊరుకునే మనిషి కాదు ఈయన. 1947 నవంబర్‌లో థర్డ్ లనార్క్ మీద ఒక్క మ్యాచ్‌లోనే ఐదు గోల్స్ కొట్టారు. హిబ్స్‌కి మొత్తం 364 గోల్స్ అని చెప్తారు.

1950 జనవరి 2న హార్ట్స్‌తో మ్యాచ్‌కి ఈస్టర్ రోడ్‌కి 65,860 మంది వచ్చారు, ఆ మైదానం రికార్డు అదే. ఇప్పుడు 20 వేల మంది పడతారు. ఆ రోజు హిబ్స్ ఓడిపోయింది. మీ పెద్దాయన దగ్గర ఇది ఎత్తకు.

1953లో బ్రెజిల్ వెళ్లి మరకానాలో ఆడారు, వాస్కో డ గామాతో 3-3. 1955లో యూరోపియన్ కప్ (ఇప్పటి ఛాంపియన్స్ లీగ్) మొదలైతే అందులో ఆడిన మొదటి బ్రిటిష్ క్లబ్ హిబ్సే. ఇంగ్లండ్ వాళ్లు తమ ఛాంపియన్ చెల్సీని పంపలేదు. సెమీఫైనల్ దాకా వెళ్లి, రేమోన్ కోపా ఉన్న ఫ్రెంచ్ క్లబ్ రాన్స్ చేతిలో ఓడిపోయారు.

ఇప్పుడు అసలు సంగతి. నా బస్సులో ఆ పెద్దాయన నోరు మూయించిన సంగతి.

1959కి స్మిత్‌కి 35 ఏళ్లు. చీలమండ పాడైపోయింది. ఇంకో ఆపరేషన్ చేయించినా లాభం లేదని, ఆట అయిపోయిందని హిబ్స్ అనుకుంది. పైసా అడగకుండా వదిలేసింది. పద్దెనిమిదేళ్లు ఆడిన మనిషిని. ఆయన సొంత డబ్బు పెట్టి ఆపరేషన్ చేయించుకున్నారు. చేయించుకుని చిన్నప్పటి జట్టుకి, హార్ట్స్‌కి వెళ్లారు. ఆ అక్టోబర్‌లోనే హార్ట్స్‌తో లీగ్ కప్ గెలిచారు, హిబ్స్‌లో ఎప్పుడూ అందనిది. వచ్చే ఏడాది, 1960లో, లీగ్ గెలిచారు.

రెండేళ్లకి హార్ట్స్ కూడా ఇక చాలు అంది. డండీ క్లబ్ మేనేజర్ బాబ్ షాంక్లీ (లివర్‌పూల్ బిల్ షాంక్లీ వాళ్ల అన్న) తీసుకున్నారు. పక్కన ఉన్నవాళ్లంతా కుర్రాళ్లు: గిల్జీన్, పెన్‌మన్, ఇయన్ యూర్. ఈయన వాళ్లకి చిన్నాన్న వయసు. 1962 ఏప్రిల్ 28, పెర్త్‌లో సెయింట్ జాన్‌స్టన్ మీద డండీ 3-0. గిల్జీన్ రెండు, పెన్‌మన్ ఒకటి. డండీ ఛాంపియన్. వాళ్లకి అదే మొదటి లీగ్, ఇప్పటిదాకా అదే ఆఖరుది కూడా. స్మిత్ అప్పటికి ఇంకో నెలలో 38.

మూడు క్లబ్బులతో స్కాట్లాండ్ లీగ్ గెలిచారు. వాటిలో ఎప్పుడూ లీగ్‌ని ఏలే గ్లాస్గో పెద్ద క్లబ్బులు రెండూ, రేంజర్స్ లేదు, సెల్టిక్ లేదు. ఈ దేశంలో ఫుట్‌బాల్ చూసేవాళ్లకి ఆ మాట చెప్తే చాలు, ఇంకేం వివరించక్కర్లేదు. మూడు క్లబ్బుల తరఫునా యూరోపియన్ కప్ ఆడారు. డండీ అయితే కొలోన్‌ని 8-1తో కొట్టి, స్పోర్టింగ్ లిస్బన్‌నీ ఆండర్‌లెక్ట్‌నీ దాటి, సెమీస్‌లో మిలాన్ దగ్గర ఆగింది. మిలాన్ ఆ ఏడు కప్పే గెలిచింది.

నాకు 364 గోల్స్ కన్నా ఈ మూడేళ్లే గొప్పగా అనిపిస్తాయి. అయిపోయావు పో అన్న తర్వాతి మూడేళ్లు. మీ పెద్దాయనకి మాత్రం అలా చెప్పకు. హిబ్స్ వాళ్లకి ఆ మూడేళ్లూ ఇంట్లో చెప్పుకోని విషయం.

ఆట మానేశాక విల్లోబ్రేలో ఒక పబ్ నడిపారు. పేరు "ది రైట్ వింగ్". దానికి నేను పేరు పెట్టాలన్నా అదే పెట్టేవాణ్ని.

లెక్కల టీచర్, రాజమండ్రి:

మావయ్య గారూ, రాసింది బాగుంది కానీ లెక్క కుదరట్లేదు. ఐదుగురూ లీగ్‌లో "తలా వంద దాటించారు" అన్నారు. మళ్లీ ఒక్క స్మిత్‌కే 364 అన్నారు. 30 మ్యాచ్‌ల లీగ్ అని కూడా మీరే చెప్పారు. వంద ఎక్కడ, 364 ఎక్కడ? మా పిల్లలు ఇలా రాస్తే నేను సున్నా చుడతాను. ఇంకో డౌట్. అంత గొప్ప ఆటగాడు అయితే దేశానికి ఎన్ని ఆడారు? మీరు దాని ఊసే ఎత్తలేదు.

బస్సు మావయ్య:

టీచర్ గారూ, సున్నా చుట్టే ముందు ఒక్క మాట. 364లో అన్నీ ఉన్నాయి: యుద్ధకాలం లీగులు, స్థానిక కప్పులు, స్నేహపూర్వక మ్యాచ్‌లు. యుద్ధం వల్ల అసలు స్కాటిష్ లీగ్ 1939లో ఆగి మళ్లీ 1946లో మొదలైంది. మధ్యలో ఆడినవి అధికారిక పుస్తకంలో లేవు. స్మిత్ 16 నుంచి 22 ఏళ్ల దాకా ఆడిన ఆటంతా ఆ ఖాళీలోనే పోయింది. టైన్‌కాజిల్ హ్యాట్రిక్ కూడా అందులోదే. జనం కళ్లతో చూసిన గోల్స్‌ని పుస్తకంలో లేవని కొట్టేయలేక 364 అంటారు. మీరు అధికారికమే లెక్కపెడితే తగ్గుతుంది, నిజమే, ఒప్పుకుంటున్నాను.

దేశానికి ఆడింది 18. తక్కువే. ఆ కాలంలో 7 నంబర్‌కి రేంజర్స్ విల్లీ వాడెల్ కూడా ఉన్నాడు, సెలెక్టర్లు అటూ ఇటూ ఊగేవారు. ప్రపంచకప్ ఒక్కటీ ఆడలేదు. 1950లో ఇంగ్లండ్, స్కాట్లాండ్ రెండింటికీ బ్రెజిల్ వెళ్లే చోటు ఉంది. బ్రిటన్ దేశాల టోర్నీలో ఛాంపియన్లుగా అయితేనే వస్తామని వీళ్ల సంఘం భీష్మించింది. గ్లాస్గో హాంప్‌డెన్ స్టేడియంలో ఇంగ్లండ్ చేతిలో 0-1తో ఓడి, అన్నమాట ప్రకారం ఇంట్లో కూర్చుంది. మనవాళ్లూ ఆ కప్పుకే వెళ్లలేదు. ఎవరి పంతం వాళ్లది. 1954లో స్విట్జర్లాండ్‌కి 13 మందితో వెళ్లి ఉరుగ్వే చేతిలో 0-7 తిన్నారు. ఆ పదమూడులో స్మిత్ లేరు, ఎడమ వింగ్ ఆర్మండ్ ఉన్నాడు. మర్నాటి ఏడాది, 1955 మేలో, బెల్‌గ్రేడ్, వియన్నా, బుడాపెస్ట్ పర్యటనకి స్మిత్‌ని పిలిచారు. మూడు మ్యాచ్‌ల్లోనూ గోల్ కొట్టారు, ఆ పర్యటనలో కెప్టెన్సీ కూడా చేశారు. వియన్నాలో ఆస్ట్రియా మీద 4-1. శాస్త్రీ, సంతోషించు: ఆ మ్యాచ్‌లో కుడివైపు స్మిత్, ఎడమవైపు మీ లిడెల్, ఇద్దరూ గోల్ కొట్టారు.

టీచర్ గారికి లెక్క ఇష్టం కాబట్టి ఒకటి ఇస్తా. 1953 లీగ్. హిబ్స్, రేంజర్స్ ఇద్దరికీ 43 పాయింట్లు. హిబ్స్ కొట్టింది 93 గోల్స్, ఇచ్చింది 51. రేంజర్స్ కొట్టింది 80, ఇచ్చింది 39. అప్పటి రూలు తేడా కాదు, భాగహారం. కొట్టినవాటిని ఇచ్చినవాటితో భాగించాలి. చేసి చూడండి.

లెక్కల టీచర్, రాజమండ్రి:

చేశాను. హిబ్స్ 1.82, రేంజర్స్ 2.05. తీసివేత అయితే హిబ్స్ 42, రేంజర్స్ 41. ఒక్క గోల్! ఇప్పటి పద్ధతిలో హిబ్సే గెలిచేది, వరసగా మూడోసారి. మొదటిసారి భాగహారం మీద కోపం వచ్చింది. సోమవారం తొమ్మిదో తరగతికి ఇదే ఇస్తాను.

బస్సు మావయ్య:

ఇంకా కోపం రావాలంటే వినండి. రేంజర్స్‌కి ఆఖరి మ్యాచ్‌లో డంఫ్రీస్‌లో ఒక పాయింట్ కావాలి. వెనకబడి ఉన్నారు. 1-1 చేసిన గోల్ కొట్టింది ఎవరనుకున్నారు? విల్లీ వాడెల్.

లీత్‌లో గుంటూరోడు:

అందరికీ థ్యాంక్స్. ఈ చర్చ మొత్తం రెండుసార్లు చదివాను, పరీక్షకి కూడా ఇంత చదవలేదు.

నిన్న సాయంత్రం పెద్దాయన వచ్చారు. జలుబు చేసి ఇంట్లోనే ఉన్నారట, నా మీద కోపమేం కాదట (కొంచెం ఉందనిపించింది). 40 పెన్స్ కాగితంతో సహా చేతిలో పెట్టి, "సర్, నేను తప్పు స్మిత్‌ని చూశాను. ఏడో నంబర్, 1941, టైన్‌కాజిల్‌లో మూడు గోల్స్" అన్నాను. ఎవరు చెప్పారని అడిగారు. మా ఊరి వైపు ఆయన ఒకరు ఇక్కడ బస్సు నడుపుతారని చెప్పాను. "డ్రైవర్లకి అన్నీ తెలుసు" అన్నారు.

మావయ్యా, మీరు వద్దన్నది నేను ఆపుకోలేకపోయాను. హార్ట్స్‌కి వెళ్లినప్పుడు మీకు కోపం రాలేదా అని అడిగేశాను. ఆయన చాలాసేపు చిల్లర లెక్కపెట్టుకున్నారు, నాలుగు నాణేలే ఉన్నాయి. తర్వాత చెప్పారు. 1962లో ఆయనకి 20 ఏళ్లు. ఆ ఏప్రిల్ శనివారం ఇంట్లో ఫ్రెండ్ పెళ్లి అని చెప్పి, ఒక్కడే రైలెక్కి పెర్త్ వెళ్లారట. డండీ జట్టుతో ఆయనకేం సంబంధం లేదు. ఆకుపచ్చ మఫ్లర్ మడిచి కోటు లోపల పెట్టుకుని, డండీ జనం మధ్యలో నిలబడి చూశారట. మ్యాచ్ అయ్యాక అందరూ మైదానంలోకి పరిగెత్తితే ఈయన కదల్లేదు. స్మిత్ దగ్గరికి వెళ్లలేదా అన్నాను. వెళ్లి ఏం చెప్పాలి అన్నారు. వాళ్ల నాన్న పోయేదాకా ఆ పెళ్లి ఎవరిదో అడుగుతూనే ఉన్నారట.

ఇదంతా చెప్పేసరికి వెనక ఆరుగురు క్యూలో ఉన్నారు, మా ఓనర్ లోపల్నుంచి తొంగి చూస్తున్నాడు. పాలు, పేపరు ఇచ్చాను. రోల్స్ మాత్రం అప్పటికే అయిపోయాయి.